ఈ మెషీన్ ఎవరిది? వర్చువల్ మెషీన్ల ఆలనాపాలనా స్క్రిప్టుకు అప్పగించిన కథ

(లైనక్స్ వాడేవాళ్ళ సమావేశంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ అడ్మినిస్ట్రేటర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? ఫ్యాన్ కాస్త తగ్గించండి బాబూ, మైకులో గాలి తప్ప ఏమీ వినపడట్లేదు. ఆ, ఇప్పుడు సరే.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాను. జీతం పట్టీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటుంది. పిల్లలు ల్యాబ్ సార్ అంటారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ప్రొజెక్టర్ నీలం రంగు చూపించినా నా ఫోనే మోగుతుంది. వాటి మధ్యలో దొరికిన టైములో ఒక సర్వర్ నడుపుతాను. 128 జీబీ మెమరీ, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. అందులో పిల్లలకు ఒక్కొక్కరికి ఒక వర్చువల్ మెషీన్, అంటే ఆ సర్వర్ లోపలే విడి కంప్యూటర్‌లా నడిచేది, ఇస్తాం.

మూడేళ్ళ కిందట ఒకరోజు ఊరికే కూర్చుని, సర్వర్‌లో ఉన్న మెషీన్లన్నీ చూపించే 'వర్ష్ లిస్ట్ డాష్ డాష్ ఆల్' అనే కమాండ్ కొట్టాను. ఆ సెమిస్టర్‌లో మెషీన్ అవసరమైన పిల్లలు 60 మంది. తెర మీద వచ్చినవి 94. పేర్లు చదువుతాను వినండి: టెస్ట్, టెస్ట్2, కొత్త-టెస్ట్, ఫైనల్, ఫైనల్-నిజంగా, సుబ్బారావు-సార్-అడిగారు, డిలీట్-చేయొద్దు. (నవ్వులు) నవ్వకండి, మీ సర్వర్లలోనూ ఉంటాయి. ఆ డిలీట్-చేయొద్దు అనేది పద్నాలుగు నెలలుగా ఆగకుండా నడుస్తోంది. అందులో ఏముందో తెలియదు, ఎవరిదో తెలియదు. స్టాఫ్ రూమ్‌లో అందరినీ అడిగాను. ఒక్కరూ నాది అనలేదు. పోనీ తీసేయనా అంటే, 'ఎందుకండీ, ఉంటే ఏం పోయింది' అన్నారు. ఏం పోయిందంటే 4 జీబీ మెమరీ పోయింది.

ఈరోజు నేను చెప్పబోయేది అక్కడ మొదలైన పని. మెషీన్ పుట్టించడానికి ఇంటర్నెట్ నిండా పాఠాలున్నాయి. దాన్ని సాగనంపడం గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నా అనుభవంలో ఆటోమేషన్‌లో తొంభై శాతం ఆలోచన ఖర్చయ్యేది ఆ రెండో దాని మీదే.

కొత్తవాళ్ళు ఉన్నట్టున్నారు, రెండు నిమిషాలు వెనక్కి వెళ్దాం. ఒకే కంప్యూటర్‌ను పది కంప్యూటర్లుగా నమ్మించడం క్లౌడ్‌తో పుట్టిన విద్య కాదు. ఐబీఎం వాళ్ళు 1972లోనే వీఎం/370 అని తమ మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం ప్రకటించారు. మన బల్లమీది ప్రాసెసర్లకు మాత్రం ఆ సదుపాయం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో చిప్‌లోనే పెట్టాయి. దాన్ని వాడుకుని అవీ కివిటీ అనే ఇంజనీరు కేవీఎం అనే ప్రోగ్రామ్ రాశాడు. 2007 ఫిబ్రవరిలో వచ్చిన లైనక్స్ కెర్నల్ 2.6.20లో అది భాగమైపోయింది. అంటే మీ లైనక్స్ లోపలే హైపర్‌వైజర్ (ఒకే కంప్యూటర్‌లో పలు మెషీన్లను నడిపేది) ఉంది, ఎవరికీ లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలు ఉన్నట్టు నటించే పని క్యూఎము అనే ప్రోగ్రామ్‌ది. దాన్ని మొదలుపెట్టింది ఫాబ్రిస్ బెలార్. ఈ రెండింటి మీద కూర్చుని పెత్తనం చేసేది లిబ్‌వర్ట్. ఆ లిబ్‌వర్ట్‌తో మనం మాట్లాడే కమాండే వర్ష్. కొందరు విర్ష్ అంటారు, నాకు వర్ష్ అలవాటు.

చరిత్ర అయిపోయింది. ఇక పనిలోకి.

నేను మొదట స్క్రిప్టు రాయలేదు. నోట్‌బుక్ తీశాను. ఒక మెషీన్ చేతితో తయారు చేస్తూ, ఏ కమాండ్ కొట్టినా, ఏ బటన్ నొక్కినా ఒక గీత రాసుకున్నాను. పదకొండు గీతలు వచ్చాయి. అందులో నాలుగు గీతలు నేను పని అనుకోని పనులు. ఉదాహరణకి, 'పిల్లవాడికి ఐపీ అడ్రస్ వాట్సాప్‌లో పంపడం'. రోజుకు అరవైసార్లు చేసే పని అది, ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. మీరూ ముందు నోట్‌బుక్‌తోనే మొదలుపెట్టండి. చేత్తో చేసేటప్పుడే స్పష్టంగా లేని పనిని స్క్రిప్టులో పెడితే గందరగోళమే వేగం పుంజుకుంటుంది.

తర్వాత జాబితా. ఒకే ఒక్క సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో విడదీసిన పట్టిక. అయిదు నిలువు వరుసలు: మెషీన్ పేరు, ఎవరిది, మెమరీ, ప్రాసెసర్లు, గడువు తేదీ. అంతే. ఎవరికైనా మెషీన్ కావాలంటే ఈ ఫైల్లో ఒక గీత చేరాలి. గడువు తేదీ ఖాళీగా ఉంటే స్క్రిప్టు ఆ గీతను ఒప్పుకోదు. ఈ నియమం పెట్టినప్పుడు మా ప్రొఫెసర్ ఒకాయన నా మీద గట్టిగానే కోప్పడ్డారు. 'నా రీసెర్చ్ ఎప్పుడు పూర్తవుతుందో నాకే తెలియదు, నీకు తేదీ ఏం చెప్పను' అన్నారు. 'సార్, మీ ఇష్టం వచ్చిన తేదీ వేయండి, వచ్చే ఏడాది సంక్రాంతి అయినా పర్లేదు, దగ్గరికొచ్చాక పొడిగిద్దాం' అన్నాను. ఒప్పుకున్నారు. ఆ ఫైలు గిట్‌లో, అంటే ఏ మార్పు ఎవరు చేశారో గుర్తుంచుకునే చోట, ఉంటుంది. ఎవరి మెషీన్ ఎప్పుడు, ఎవరు చేర్చారు అన్న తగువు వస్తే గిట్ లాగ్ చూపిస్తాను. తగువు ఆగిపోతుంది.

ఇక పుట్టించడం. ఇక్కడ ఒక్క కిటుకు అర్థమైతే చాలు, బేస్ ఇమేజ్. ఒక డిస్కు ఇమేజ్ (మొత్తం డిస్కును ఒకే ఫైలుగా దాచింది) తయారు చేసి, అందులో లైనక్స్, మైఎస్‌క్యూఎల్, జీసీసీ అన్నీ పెడతాను. సుమారు 4 జీబీ. అరవై మందికి అరవై నకళ్ళు తీస్తే 240 జీబీ అవుతుంది, నకలు తీయడానికే సగం పూట పడుతుంది. అలా చేయం. మన చిన్నప్పుడు సోషల్ పరీక్షకు ఇండియా మ్యాపు ఎలా గీసేవాళ్ళం? కాగితానికి కొబ్బరినూనె రాసి, అట్లాసు మీద పెట్టి, కింద కనబడే గీతల మీద పెన్సిల్ తిప్పేవాళ్ళం. మన గీతలన్నీ నూనె కాగితం మీదే ఉంటాయి, అట్లాసు పాడవదు. క్యూకౌ2 అనే డిస్కు ఫార్మాట్‌లో ఓవర్‌లే అంటే ఆ నూనె కాగితమే. 'క్యూఎము-ఐఎంజీ క్రియేట్' కమాండ్‌కు చిన్న బీ ఆప్షన్‌తో కింద ఉన్న అట్లాసు ఏదో చెప్తాం, పెద్ద ఎఫ్ ఆప్షన్‌తో ఆ అట్లాసు ఏ ఫార్మాటో చెప్తాం. ఈ పెద్ద ఎఫ్ కొత్త వెర్షన్లలో తప్పనిసరి, పాత బ్లాగుల్లోంచి కాపీ కొట్టేవాళ్ళకు ఇక్కడే ఎర్రర్ వస్తుంది. కొత్తగా పుట్టిన ఓవర్‌లే సైజు సుమారు 200 కేబీ. అరవై తయారవడానికి టీ తాగినంత సేపు కూడా పట్టదు.

దీనికి ఒక్కటే షరతు. నూనె కాగితాలు పైన ఉండగా కింద అట్లాసు మార్చకూడదు. నేను మార్చాను. (నవ్వులు) 'ఒక్క చిన్న ప్యాకేజీయే కదా' అని బేస్ ఇమేజ్‌ను నేరుగా బూట్ చేసి అప్‌డేట్ చేశాను. పైన ఉన్న మెషీన్ల ఫైల్‌సిస్టమ్‌లు ఒక్కోటి ఒక్కో రకంగా చిత్తైపోయాయి. కింద మద్రాసు కదిలి పైన గీసిన హైదరాబాదు సముద్రంలో పడ్డట్టు. అప్పటినుంచి బేస్ పేరులోనే తేదీ ఉంటుంది, పర్మిషన్ 444, అంటే చదవడమే తప్ప రాయడానికి లేదు. రూట్‌కు (సర్వాధికారాలున్న యూజర్‌కు) ఆ తాళం పట్టదని నాకూ తెలుసు, కానీ చెయ్యి వెళ్ళేముందు ఒక్క క్షణం ఆపుతుంది. మార్పు కావాలంటే కొత్త తేదీతో కొత్త బేస్. పాతది, దాని మీద ఆధారపడ్డ చివరి మెషీన్ పోయేదాకా అలాగే ఉంటుంది.

బేస్ గురించి ఇంకొక ముచ్చట. మొదటి బ్యాచ్ పుట్టించగానే పిల్లలు వరసగా వచ్చారు. 'సార్, నేను నా మెషీన్‌లోకి లాగిన్ అయితే కీర్తన ఫైళ్ళు కనబడుతున్నాయి.' ఇంకొకడు, 'సార్, ఒక నిమిషం వస్తుంది, మళ్ళీ పోతుంది.' చూస్తే పన్నెండు మెషీన్లకు ఒకే ఐపీ. నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు నంబర్లు, అంటే మ్యాక్ అడ్రస్‌లు, వేరు వేరుగా ఉన్నాయి, రెండుసార్లు సరిచూశాను. మ్యాక్ వేరైతే ఐపీ ఎలా ఒకటవుతుంది? ఒక సాయంత్రమంతా తల గోక్కున్నాక తెలిసింది. ఉబుంటులో నెట్‌వర్క్ చూసుకునే సిస్టమ్‌డీ, ఐపీలు పంచే డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు తన గుర్తింపుగా మ్యాక్‌ను కాక, ఈటీసీ డైరెక్టరీలోని మెషీన్-ఐడీ ఫైలు నుంచి తయారైన ఒక నంబరును ఇస్తుంది. నేను బేస్‌ను ఒకసారి బూట్ చేసి ప్యాకేజీలు వేశాను కాబట్టి అందులో మెషీన్-ఐడీ స్థిరపడిపోయింది. దాని మీద పుట్టినవాళ్ళంతా ఒకే ఆధార్ నంబరుతో వెళ్ళి క్యూలో నిలబడ్డారు. డీహెచ్‌సీపీ పాపం 'నువ్వే కదా' అని అదే ఐపీ ఇచ్చింది. మందు చాలా చిన్నది: బేస్ మూసేముందు ఆ ఫైలును ఖాళీ చేయడం. ఫైలు ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు. దాంతోపాటు 'క్లౌడ్-ఇనిట్ క్లీన్'. ఇవన్నీ గుర్తుండవనుకుంటే 'వర్ట్-సిస్‌ప్రెప్' అనే పనిముట్టు ఉంది, పురిటి స్నానం చేయించినట్టు అన్నీ కడిగి పెడుతుంది.

క్లౌడ్-ఇనిట్ అన్నాను కదా. మెషీన్ మొదటిసారి కళ్ళు తెరిచినప్పుడు 'నీ పేరు ఇది, నీ యజమాని ఫలానా, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడి ఎస్‌ఎస్‌హెచ్ తాళం చెవి ఇదీ' అని చెవిలో చెప్పేది అది. అమెజాన్‌లో ఉబుంటు మెషీన్ల కోసం పుట్టింది, ఇప్పుడు అన్ని చోట్లా ఉంది. మనకు అమెజాన్ అక్కర్లేదు. 'వర్ట్-ఇన్‌స్టాల్' కమాండ్‌కు క్లౌడ్-ఇనిట్ ఆప్షన్ ఇచ్చి యామల్ అనే పద్ధతిలో రాసిన ఒక సెట్టింగుల ఫైలు చూపిస్తే చాలు. ఆ ఫైల్లో మొదటి గీత 'హ్యాష్ క్లౌడ్-కాన్ఫిగ్' అనే ఉండాలి. అది మామూలు కామెంట్ అనుకుని తీసేశారో, మెషీన్ లేస్తుంది, మీరు చెప్పిందేదీ వినదు, ఎర్రర్ మీ మొహాన కనపడదు. యామల్‌లో ట్యాబ్ కొట్టినా అంతే సంగతి.

పుట్టించాక సిద్ధమయ్యేదాకా ఆగాలి. 'స్లీప్ 60', అంటే అరవై సెకన్లు ఊరికే ఆగు, అని రాసేవాళ్ళు చేతులెత్తండి. నిజాయతీగా. ఆ... నేనూ రాశాను. ఒక మెషీన్ పుడితే ఇరవై సెకన్లు చాలు. అరవై ఒకేసారి పుడితే ఎస్‌ఎస్‌డీ ఊపిరాడక మూడు నిమిషాలైనా పట్టొచ్చు. అందుకని గడియారం చూడొద్దు, తలుపు తట్టండి. అయిదు సెకన్లకోసారి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్ళి 'క్లౌడ్-ఇనిట్ స్టేటస్ డాష్ డాష్ వెయిట్' అడగడం. పది నిమిషాలకూ పలక్కపోతే ఆ పేరు పక్కన పెట్టి తర్వాతి దానికి వెళ్ళడం. ఒకడు లేవలేదని మిగతా యాభైతొమ్మిదిమందినీ ఆపకండి.

ఇప్పుడు అసలు గుండెకాయ. రోజూ రాత్రి నా స్క్రిప్టు రెండు పేర్ల వరసలు తీస్తుంది. ఒకటి సీఎస్‌వీలో ఉండాల్సినవి, రెండోది వర్ష్ చెప్తున్న, నిజంగా ఉన్నవి. రెండింటినీ 'సార్ట్' చేసి 'కామ్' అనే పాత యూనిక్స్ కమాండ్‌కు ఇస్తే మూడు కుప్పలు చేసి పెడుతుంది. జాబితాలో ఉండి సర్వర్‌లో లేనివి పుట్టించాలి. రెండు చోట్లా ఉన్నవాటి జోలికి వెళ్ళకూడదు. సర్వర్‌లో ఉండి జాబితాలో లేనివి... ఏం చేయాలి? చెప్పండి. (సభలోంచి: తీసేయాలి సార్) తీసేయాలి అనిపిస్తుంది కదా తమ్ముడూ? తీసేయకూడదు. అది ఎవరో కొత్త ఉద్యోగి తెలియక చేత్తో పెట్టుకున్నదయ్యుండొచ్చు. సీఎస్‌వీలో నేనే ఒక కామా తప్పు పెట్టుండొచ్చు. ఈ మూడో కుప్ప మీద స్క్రిప్టు చెయ్యి వేయదు, నాకు మెయిల్ పంపుతుంది: 'ఈ మెషీన్ ఎవరిది?' అంతే. ఆ ఒక్క ప్రశ్నే నా మొదటి నెల పని. 94లో 31కి సమాధానం దొరకలేదు. డిలీట్-చేయొద్దుతో సహా.

తీసేయడమనేది గడువు దాటినవాటికి మాత్రమే. అదీ ఒక్క దెబ్బకు కాదు. ఇక్కడ వర్ష్ భాష కొంచెం విచిత్రం, కొత్తవాళ్ళు జాగ్రత్త. 'డిస్ట్రాయ్' అంటే నాశనం చేయడం అనుకుని భయపడతారు. అది ప్లగ్గు పీకడం మాత్రమే, మెషీన్ ఎక్కడికీ పోదు, మళ్ళీ 'స్టార్ట్' అంటే లేస్తుంది. 'అన్‌డిఫైన్' అంటే రేషన్ కార్డులోంచి పేరు కొట్టేయడం. పేరు పోతుంది, డిస్కు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. పేరు వింటే మెత్తగా ఉంటుంది గానీ దానికి 'రిమూవ్ ఆల్ స్టోరేజ్' అని తోక తగిలిస్తే డిస్కూ పోతుంది. ఆ తోకను నా స్క్రిప్టుల్లో ఎక్కడా వాడను. 'షట్‌డౌన్' అంటే మర్యాదగా అడగడం. పవర్ బటన్ ఒకసారి నొక్కినట్టు గెస్ట్‌కు, అంటే లోపల నడిచే మెషీన్‌కు, కబురు వెళ్తుంది, వినాలా వద్దా అనేది దాని ఇష్టం. కాబట్టి అడిగి, రెండు నిమిషాలు చూసి, అప్పటికీ వినకపోతే డిస్ట్రాయ్.

గడువుకు మూడు రోజుల ముందు యజమానికి మెయిల్. గడువు రోజు మెషీన్ ఆపడం మాత్రమే. ఎవరూ గోల చేయకపోతే వారం తర్వాత అన్‌డిఫైన్ చేసి, దాని వివరాలుండే ఎక్స్‌ఎంఎల్ ఫైలునూ, డిస్కునూ 'అటక' అనే ఫోల్డర్‌లో పడేస్తాను. మనిళ్ళల్లో అటకకు ఒక న్యాయం ఉంది కదా, పారేయడానికి మనసొప్పదు, కళ్ళముందు ఉంచుకోవడానికి చోటుండదు. నా అటక మీద ముప్ఫై రోజులు. ఆ తర్వాతే నిజమైన చెరిపివేత. ఇప్పటిదాకా అటక మీంచి దించమని వచ్చినవాళ్ళు ఏడుగురు. ఏడుగురూ గడువు మెయిల్ చూడలేదనే చెప్పారు. ఎక్స్‌ఎంఎల్ కూడా దాచాను కాబట్టి డిస్కు పాత చోట పెట్టి 'వర్ష్ డిఫైన్' అంటే రెండు నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. డిలీట్-చేయొద్దు అనే ఆ మహానుభావుడికి జాబితాలో నా పేరు మీదే ఒక గీత రాసి, నెల గడువు వేసి, అదే దారిన పంపాను. ముప్ఫై రోజులు అటక మీద ఉన్నాడు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. దీనికోసమే కొందరు వచ్చారని నాకు తెలుసు, ముందే కథ పాకింది. (నవ్వులు)

లిబ్‌వర్ట్‌కు రెండు లోకాలున్నాయి. ఒకటి సిస్టమ్, ఇంకొకటి సెషన్. రూట్‌గా వర్ష్ కొడితే సిస్టమ్ లోకం కనబడుతుంది, మెషీన్లన్నీ అక్కడే ఉంటాయి. మామూలు యూజర్‌గా కొడితే, మీరు వేరే చెప్పకపోతే, మీ సొంత సెషన్ లోకం కనబడుతుంది. అది ఖాళీ. ఎర్రర్ రాదు, అనుమతి లేదనదు. ప్రశాంతంగా ఖాళీ జాబితా ఇస్తుంది. నా మొదటి స్క్రిప్టులో డిస్కు తయారు చేసే గీత ముందు సుడో (రూట్ అధికారంతో నడుపు అని చెప్పేది) ఉంది. వర్ష్ లిస్ట్ ముందు సుడో లేదు. చేత్తో నడిపినప్పుడల్లా నేను రూట్‌గానే ఉన్నాను కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు. ఒక శుక్రవారం సాయంత్రం దాన్ని నా మామూలు యూజర్ క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకు పనులు నడిపేదాంట్లో, పెట్టి ఇంటికెళ్ళాను.

రాత్రి ఏం జరిగిందో ఊహించండి. స్క్రిప్టు లేచింది. సర్వర్‌లో ఏ మెషీన్లు ఉన్నాయని అడిగింది. ఏమీ లేవు అన్న జవాబు వచ్చింది. అయ్యో, జాబితాలో అరవై ఉంటే ఒక్కటీ లేదే అని, ఎంతో బాధ్యతగా అరవైకీ కొత్త డిస్కులు తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ పేరుతో అప్పటికే ఫైలుంటే 'క్యూఎము-ఐఎంజీ క్రియేట్' అడగదండీ. దాని మీదే కొత్తది రాసేస్తుంది. నడుస్తున్న మెషీన్ల డిస్కులకు క్యూఎము తాళం వేసి ఉంచుతుంది కాబట్టి అవి బతికాయి. ఆపేసి ఇంటికెళ్ళిన క్రమశిక్షణ గల పిల్లల మెషీన్లు పోయాయి. 23 మెషీన్లు. మా ల్యాబ్‌లో గోడ మీద నేనే అంటించాను, 'పని అయ్యాక మెషీన్ ఆపి వెళ్ళండి' అని. నా మాట విన్నవాళ్ళే నష్టపోయారు.

ఆ రాత్రి తర్వాత స్క్రిప్టులో నాలుగు మార్పులు చేశాను. వర్ష్‌కు ఎప్పుడూ 'క్యూఎము సిస్టమ్' లోకం పేరు విడమర్చి చెప్పడం ఒకటి. డిస్కు ఫైలు అప్పటికే ఉంటే, కారణమేదైనా సరే, అక్కడికక్కడే ఆగిపోవడం ఇంకొకటి. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: ఒక్క రాత్రిలో అయిదుకు మించి పుట్టించాల్సి వచ్చినా, అయిదుకు మించి ఆపాల్సి వచ్చినా, స్క్రిప్టు ఏమీ చేయకుండా నన్ను లేపుతుంది. సెమిస్టర్ మొదట్లో అరవై పుట్టించేటప్పుడు నేను పక్కన కూర్చుని ఆ హద్దు చేత్తో ఎత్తేస్తాను. నాలుగోది, ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే 'ఇది చేస్తాను, అది చేస్తాను' అని చెప్పడమే, నిజంగా చేయాలంటే 'చెయ్' అనే మాట విడిగా ఇవ్వాలి. ఖాళీ జాబితా వచ్చిందంటే నిజంగా ఏమీ లేదని కావచ్చు, నేను తప్పు గుమ్మం ముందు నిలబడి అడిగానని కూడా కావచ్చు. ఈ తేడా మనిషికి వెంటనే తడుతుంది, స్క్రిప్టుకు మనం చెప్తే తప్ప తట్టదు.

క్రాన్ మాట వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పేస్తాను. క్రాన్‌ట్యాబ్ గీతలో శాతం గుర్తు పెడితే, దాన్ని శాతం అనుకోదు, కొత్త గీత అనుకుంటుంది. లాగ్ ఫైలు పేరులో తేదీ వేద్దామని 'డేట్ ప్లస్ శాతం ఎఫ్' అని రాస్తారా, కమాండ్ అక్కడికే తెగిపోతుంది. దాని ముందు వెనక్కి వాలిన గీత (బ్యాక్‌స్లాష్) పెట్టాలి, లేదా ఆ తేదీ సంగతి స్క్రిప్టు లోపల చూసుకోవాలి. నేను చివరికి క్రాన్ వదిలేసి సిస్టమ్‌డీ టైమర్‌కు మారాను. మా దగ్గర రాత్రిళ్ళు కరెంటు పోతుంది, యూపీఎస్ కాసేపే ఆగుతుంది. రెండు గంటలకు నడవాల్సిన పని, రెండు గంటలకు సర్వర్ ఆగి ఉంటే క్రాన్ దాన్ని మర్చిపోతుంది. టైమర్‌లో 'పర్సిస్టెంట్ ఈక్వల్స్ ట్రూ' అని పెడితే, సర్వర్ లేవగానే 'నిన్న రాత్రిది బాకీ ఉంది' అని గుర్తుపెట్టుకుని చేస్తుంది. ఒకటి నడుస్తుండగా ఇంకొకటి మొదలవకుండా 'ఎఫ్‌లాక్'. అది ఒక్క గీత పని.

డిస్కు గురించి కూడా ఒక్క మాట. నూనె కాగితం పద్ధతిలో ఒక మోసం ఉంది. ప్రతి మెషీన్‌కూ 'నీకు 20 జీబీ డిస్కు ఉంది' అని చెప్పాను. అరవై ఇరవైలు 1200 జీబీ. నా దగ్గర మొత్తం ఉన్నది 1 టీబీ. చిట్టీలు కట్టించుకున్నవాడిలాగా అందరూ ఒకేసారి పాడరులే అన్న ధైర్యం. ఒకసారి డేటాబేస్ ల్యాబ్ ఇంటర్నల్ పరీక్ష రోజు అందరూ ఒకే పెద్ద టేబుల్ లోడ్ చేశారు, సర్వర్ డిస్కు నిండింది. ఏమవుతుందో తెలుసా? మెషీన్లు క్రాష్ అవ్వవు. క్యూఎము వాటిని ఉన్నచోట ఉన్నట్టు నిలబెట్టేస్తుంది, వర్ష్‌లో స్థితి 'పాజ్డ్' అని కనబడుతుంది. పిల్లలకు తెర గడ్డకట్టినట్టు ఉంటుంది. కంగారుపడి అన్నింటినీ రీస్టార్ట్ కొట్టబోయాను, చెయ్యి ఆగింది. అటకలోంచి పాతవి కొన్ని తీసి చోటు చేసి, ఒక్కోదానికి 'వర్ష్ రెజ్యూమ్' అన్నాను. ఆగిన వాక్యం మధ్యలోంచి మళ్ళీ మొదలయ్యాయి. ఒక్కరి డేటా పోలేదు. ఇప్పుడు డిస్కు 80 శాతం దాటితే కొత్త మెషీన్ పుట్టదు, ఎవరు అడిగినా.

ప్రశ్నలకు టైమ్ ఉందా? ఉంది. అడగండి.

చాలా మెషీన్లను ఒకేసారి అమర్చే ఆన్సిబుల్ ఎందుకు వాడలేదు అంటున్నారా మేడమ్? మెషీన్ లోపల పనులకు వాడుతున్నాను, ప్యాకేజీలు వేయడానికి అంతకన్నా హాయి లేదు. లిబ్‌వర్ట్ కోసం కూడా దానికి మాడ్యూళ్ళున్నాయి. కానీ నా స్క్రిప్టు మొత్తం 180 గీతల బాష్. నేను సెలవులో ఉంటే మా అసిస్టెంటు అమ్మాయి చదివి అర్థం చేసుకోగలదు. రెండో సర్వర్ వచ్చిన రోజు మారతాను. ఒక్క సర్వర్‌కు ఇంత పెద్ద పల్లకీ, నలుగురు బోయీలు ఎందుకు?

ఆ అబ్బాయి... ల్యాప్‌టాప్‌లో ప్రయత్నించవచ్చా? తప్పకుండా. 8 జీబీ ఉంటే రెండు మూడు చిన్న మెషీన్లు హాయిగా నడుస్తాయి. ముందు ప్రాక్ డైరెక్టరీలోని సీపీయూ-ఇన్ఫోలో, ఇంటెల్ అయితే వీఎంఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్న మాట కోసం వెతుకు. కనపడలేదంటే చాలాసార్లు బయాస్‌లో, అంటే కంప్యూటర్ లేచేముందు వచ్చే సెట్టింగుల్లో, ఆపి ఉంటుంది. మూడు పేర్ల సీఎస్‌వీతో మొదలుపెట్టు, ఒకదాని గడువు రేపటికి వెయ్యి. పోవడం కూడా చూడాలి కదా.

ఇంకొకటి... ఆ 23 మంది సంగతి ఏమైందంటున్నారు. అడుగుతారని తెలుసు. తొమ్మిదిమంది తమ పని గిట్‌లోకి తోసి ఉంచారు, వాళ్ళకు అరగంటలో తిరిగొచ్చింది. మిగతా పద్నాలుగు మంది దగ్గరికి సోమవారం నేనే క్లాసుకు వెళ్ళి నిలబడి, తప్పు నాదని చెప్పాను. వాళ్ళ మేడమ్ గడువు రెండు వారాలు పొడిగించారు. అందులో ఒకడు ఇప్పుడు ఫైనల్ ఇయర్. శుక్రవారం సాయంత్రం కారిడార్‌లో ఎదురైతే చాలు, బ్యాగ్ గట్టిగా పట్టుకుని అడుగుతాడు, 'సార్, ఇవాళ కొత్త స్క్రిప్టు ఏమన్నా పెట్టారా?'